చెత్తబుట్టలో పడే డబ్బును సిప్‌లోకి మళ్లించవచ్చా?

ప్రశ్న: మేము బెంగళూరులో మారతహళ్లి దగ్గర ఉంటున్నాము. ఇద్దరి జీతాలు కలిపి నెలకు 1,35,000 రూపాయలు చేతికి వస్తాయి. ఇద్దరు పిల్లలు. సరుకులు, పాలు, కూరగాయలకు 24,000 దాకా అవుతోంది. ఒక వారం పాటు పారేసినవన్నీ ధరలతో సహా రాసి చూస్తే 410 రూపాయలు తేలింది. ఆ జాబితా, మా వారపు అలవాట్ల వివరాలు దీనితో పంపుతున్నాము. ఈ వృథా ఆపి నెలకు 5,000 సిప్ (మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కట్టే వాయిదా) మొదలుపెట్టవచ్చా? పెద్ద ఫ్రిజ్ ఈఎంఐ మీద కొంటే ఉపయోగం ఉంటుందా?

జవాబు: మీరు ముందే రాసి చూసుకున్నందువల్ల నా పని సగం తగ్గింది. వారానికి 410 అంటే నెలకు సుమారు 1,800 రూపాయలు. ఏదీ పారేయని ఇల్లు నేను ఇంతవరకు చూడలేదు, మా ఇంటితో సహా. కాబట్టి అందులో మూడింట రెండు వంతులు, అంటే 1,200 మిగులుతుందని అనుకోవడం సబబు. వంటింటి నుంచి 5,000 రాదు. వస్తుందన్న ధీమాతో సిప్ పెట్టుకుంటే, మూడో నెలలో వాయిదా రోజుకు ఖాతాలో డబ్బు చాలక బ్యాంకుకు అపరాధ రుసుము కట్టవలసి వస్తుంది.

ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం 2024 నివేదికలో మన దేశపు ఇళ్లలో మనిషికి ఏడాదికి 55 కిలోల ఆహారం వృథా అవుతోందని అంచనా వేసింది. దానిని నలుగురితో హెచ్చించి, కిలో ధరతో మళ్లీ హెచ్చించి, ఇంత డబ్బు పోతోందని బెదరగొట్టేవారు ఉన్నారు. ఆ 55 కిలోలలో తొక్కలు, ఎముకలు వంటి తినలేనివి కూడా కలిసి ఉన్నాయి గనుక అది రూపాయల లెక్కకు పనికిరాదు. మీ నోటుపుస్తకమే మీకు సరైన ఆధారం.

ఆ జాబితాలో వండి పారేసినవి 150 రూపాయలవే. మిగతా 260 రూపాయల సరుకు అసలు పొయ్యి దాకా రాలేదు: కుళ్లిన రెండు కొత్తిమీర కట్టలు, పాలకూర, పులిసిపోయిన సగం ప్యాకెట్ దోసెపిండి, ఫ్రిజ్ అట్టడుగున మెత్తబడిన యాపిల్ పళ్లు. అంటే డబ్బు పోతున్నది కొనేటప్పుడే. మంగళవారం నుంచి గురువారం వరకు మీరిద్దరూ మధ్యాహ్నం ఆఫీసులోనే భోజనం చేస్తామని రాశారు, ఆదివారం మాత్రం ఏడు రోజులకూ సరిపడా ఆర్డరు పెడుతున్నారు. దానికి తోడు 30 రూపాయల డెలివరీ ఛార్జీ తప్పించుకోవడానికి బుట్టలో మరో 60 రూపాయల ఆకుకూర వేస్తున్నారు. ఆకుకూరలను ఆదివారం, బుధవారం రెండు విడతలుగా తెచ్చుకోండి. రైతుల సహకార సంఘం నడిపే హాప్‌కామ్స్ దుకాణంలో కూరగాయలు పావుకిలో కావాలన్నా తూచి ఇస్తారు. అక్కడ కిలోకు రెండు రూపాయలు ఎక్కువైనా మీకు లాభమే.

బియ్యం సంగతి కూడా చెప్పాలి. 2022 జూలై 18 నుంచి 25 కిలోల వరకు ఉన్న ప్యాకెట్ బియ్యంపై 5 శాతం జీఎస్టీ వచ్చాక, 26 కిలోల మూటలు బజారులోకి వచ్చాయి. కిలో 60 చొప్పున 26 కిలోలకు తప్పే పన్ను 78 రూపాయలు. చిన్న కుటుంబంలో ఆ మూట నెలల తరబడి ఉండి, అడుగున పురుగు పట్టి రెండు కిలోలు పోతే 120 రూపాయల నష్టం. మీ ఇంట్లో నెలన్నరలో అయిపోతుంటేనే మూట కొనండి.

పొదుపు పేరిట పాడైనది తినకూడదు. ప్యాకెట్ మీద ‘బెస్ట్ బిఫోర్’ అన్నది నాణ్యతకు గడువు, ‘ఎక్స్‌పైరీ’ అన్నది భద్రతకు గడువు. రెండోది దాటితే మారుమాట లేకుండా పారేయండి. రాత్రంతా బయట ఉన్న అన్నాన్ని వేడి చేసినంత మాత్రాన అందులో పుట్టిన విషం పోదు. పుల్లబడిన పెరుగు మాత్రం మజ్జిగ పులుసుకు పనికొస్తుంది, అది ఏనాడూ నష్టం కాదు.

ఇక మిగిలిన డబ్బు. వంటింట్లో మిగిలిన 1,200 ఖాతాలోనే ఉంటే నెలాఖరుకు హోటల్ బిల్లులో కలిసిపోతుంది. జీతం పడిన మర్నాడే ఆ మొత్తం నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్ (ఆర్డీ)లోకి వెళ్లేలా ఏర్పాటు చేసుకోండి. పోస్టాఫీసు ఐదేళ్ల ఆర్డీలో 6.7 శాతం వడ్డీ లెక్కన, మీరు కట్టే 72,000 రూపాయలు సుమారు 85,600 అవుతాయి. ఆరు నెలల ఇంటి ఖర్చు ఇప్పటికే విడిగా దాచి ఉంటే, అదే 1,200తో ఇండెక్స్ ఫండ్‌లో (నిఫ్టీ వంటి షేర్ల సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్‌లో) సిప్ పెట్టినా నాకు అభ్యంతరం లేదు.

పెద్ద ఫ్రిజ్ ఇప్పుడు వద్దు. నెలకు 2,500 ఈఎంఐ కట్టి 1,200 మిగుల్చుకోవడం కుదరని లెక్క, పైగా ఫ్రిజ్ అరల లోతు పెరిగేకొద్దీ వెనక ఉన్న డబ్బా కంటికి కనిపించదు. ఉన్న ఫ్రిజ్‌లోనే పై అరను ‘ముందు వాడవలసినవి’ కోసం ఖాళీ చేసి, మూడు నెలల పాటు నోటుపుస్తకం రాయండి. అప్పటికీ చోటు చాలడం లేదని తేలితే ఆ పేజీలు పంపండి, చూసి చెబుతాను.