పోర్ట్ ఓపెన్ చేసినా ఫ్రెండ్స్‌కి కనెక్ట్ కావట్లేదంటే, ముందు రౌటర్ ఐపీ చూడండి

మీరు రాసినదాన్ని బట్టి మైన్‌క్రాఫ్ట్ ఆట సర్వర్ ఇంటి వైఫైలో బాగానే నడుస్తోంది, రౌటర్‌లో 25565 పోర్ట్ కూడా ఫార్వర్డ్ చేశారు (ఆ నంబరుకి బయటి నుంచి వచ్చే కనెక్షన్‌ని సర్వర్‌కి పంపమని రౌటర్‌కి చెప్పారు), అయినా దిల్‌సుఖ్‌నగర్‌లో ఉన్న ఫ్రెండ్‌కి 'కనెక్షన్ టైమ్డ్ అవుట్' అనే వస్తోంది. పోయినేడు వేసవి సెలవుల్లో నాదీ అచ్చం ఇదే కథ. కూకట్‌పల్లిలో మా ఇంట్లో పాత ల్యాప్‌టాప్ మీద జావా ఎడిషన్ (ఆ ఆటలో ఒక రకం) సర్వర్ పెట్టాను, వరంగల్‌లో ఉన్న అక్క పిల్లల కోసం. రెండు వారాంతాలు ఫైర్‌వాల్ తీయడం, రౌటర్ రీసెట్ చేయడంతోనే సరిపోయింది. అవతల ఫోన్‌లో "మామయ్యా, ఇంకా రావట్లేదు" అని ఒకటే గోల.

తీరా చూస్తే తప్పు పోర్ట్‌ది కాదు. రౌటర్ సెట్టింగ్స్ పేజీలో వాన్ ఐపీ (నెట్ కంపెనీ మీ రౌటర్‌కి ఇచ్చిన అడ్రస్) అని ఉంటుంది, చూడండి. తర్వాత గూగుల్‌లో 'వాట్ ఈజ్ మై ఐపీ' అని వెతికి, ఏదో ఒక సైట్‌లో మీ ఐపీవీ4 నంబరు (చుక్కలతో విడదీసిన నాలుగు సంఖ్యల అడ్రస్) చూడండి. రెండూ ఒకటే అయితే ఈ జవాబు మీకు పనికిరాదు. వేరుగా ఉండి, రౌటర్‌లోది 100.64 నుంచి 100.127 లోపు ఉంటే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టే. అంటే, ఐపీవీ4 అడ్రస్‌లు చాలక నెట్ కంపెనీ ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు పంచుతుంది. కొరియర్ అబ్బాయి అపార్ట్‌మెంట్ గేటు దాకా వస్తాడు, ఏ ఫ్లాటో వాచ్‌మన్‌కి తెలియదు. మీరు మీ తలుపు బార్లా తీసి కూర్చుంటే ఏం లాభం?

కస్టమర్ కేర్‌లో "రౌటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి సార్" తప్ప వేరే మాట లేదు. లైన్ వేసిన అబ్బాయే అసలు సంగతి చెప్పాడు: స్టాటిక్ ఐపీకి (మన ఒక్కరికే ఉండే, మారని పబ్లిక్ ఐపీకి) విడిగా డబ్బు కట్టాలట. పిల్లల ఆటకి అదెందుకని మానేశాను. టెయిల్‌స్కేల్ (వేర్వేరు చోట్ల ఉన్న కంప్యూటర్లను ఒకే ప్రైవేట్ నెట్‌వర్క్‌లో కలిపే యాప్) మంచిదే, కానీ ఆడే ప్రతివాళ్లూ ఇన్‌స్టాల్ చేసుకోవాలి. అక్కకి ఫోన్‌లో చెప్పి అది చేయించడం నా వల్ల కాలేదు. చివరికి ప్లేఇట్ టన్నెల్ పెట్టాను, అంటే ఆడేవాళ్లని తన సర్వర్ల మీదుగా మన మెషిన్‌కి చేర్చే ప్రోగ్రామ్. అది సర్వర్ మెషిన్‌లో ఉంటే చాలు. కనెక్షన్ మన వైపు నుంచే బయటికి వెళ్తుంది కాబట్టి సీజీనాట్ అడ్డురాదు. అదిచ్చిన అడ్రస్ వాట్సాప్‌లో పంపాను, పది నిమిషాల్లో అందరూ లోపలికి వచ్చేశారు. చుట్టు తిరిగి వెళ్తుంది కాబట్టి కాస్త లాగ్ (ఆలస్యం) ఉంటుంది, ఇళ్లు కట్టుకునే ఆటలో అది పెద్దగా తెలియదు.

టన్నెల్ పని చేశాక ఆ పోర్ట్ ఫార్వర్డ్ తీసేయండి, ఫైర్‌వాల్ తీసేసి ఉంటే మళ్లీ ఆన్ చేయండి. వైట్‌లిస్ట్ (పేరున్నవాళ్లనే సర్వర్‌లోకి రానిచ్చే జాబితా) మాత్రం మొదటి రోజే పెట్టండి. నేను బద్ధకించాను, నాలుగో రోజు ఎవరో ముక్కూమొహం తెలియనివాడు వచ్చి పిల్లల ఇంట్లో లావా పోసి పోయాడు.

ర్యామ్ కోసం అప్పుడే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌కి పరిగెత్తకండి. నాది 8 జీబీ, అందులో 4 సర్వర్‌కి ఇచ్చి, వ్యూ డిస్టెన్స్ (ఆటలో ఎంత దూరం దాకా కనబడాలో చెప్పే సెట్టింగ్) 10 నుంచి 6కి తగ్గిస్తే ఐదుగురికి హాయిగా సరిపోయింది. మూత వేస్తే ల్యాప్‌టాప్ నిద్రపోకుండా సెట్టింగ్ మార్చుకోండి. కరెంటు పోతే అది బ్యాటరీ మీద నడుస్తుంది గానీ రౌటర్ ఆరిపోతుంది. నేను ఖర్చు పెట్టింది ఒక్కదానికే, రౌటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్‌కి.