కాళింది వయసుకు కాళింది

కట్నాల దురాచారం మీద కాళ్ళకూరి నారాయణరావు గారు రాసిన ‘వరవిక్రయం’ నాటకం చదివి బాగుందనుకున్నానని, 1939లో వచ్చిన సినిమా చూడదగినదేనా, లేక నాటకాన్నే కెమెరా ముందు ఆడించి వదిలేశారా అని అడిగారు. నాటకాన్నే ఆడించారన్నది చాలావరకు నిజం. అయినా చూడండి. వీలైతే ఆ నాటకాన్ని రంగస్థలం మీద చూసిన పెద్దవారిని పక్కన కూర్చోబెట్టుకొని చూడండి.

నేను మా పెదనాన్నతో చూశాను. ఆయన వయసులో ఉండగా మా ఊళ్ళో కాళింది వేషం కట్టేవారు. మీసం తీయించుకొని, సవరం పెట్టుకొని, పెద్దమ్మ పట్టుచీర కట్టుకొని! అప్పటికే ఇద్దరు పిల్లల తండ్రి. కట్నం కోసం నాన్న ఆస్తి అమ్ముతున్నాడని కుమిలి నూతిలో దూకబోయే కాళింది పద్యం ఎత్తుకుంటే జనం ‘వన్స్‌మోర్’ అనేవారట. చావబోయే పిల్లను రెండుసార్లు వెనక్కి పిలిచేవారన్నమాట.

మాకు ఆన్‌లైన్లో దొరికిన కాపీలో బొమ్మ అరిగిపోయింది, మాటలు గరగరమన్నాయి. కొన్ని సంభాషణలు పెదనాన్న ముందే చెప్పేస్తుంటే నాకు అర్థమయ్యాయి. చిత్తజల్లు పుల్లయ్య గారు దీన్ని కలకత్తాలోని ఈస్ట్ ఇండియా ఫిలిం కంపెనీకి తీశారు. అదే కంపెనీకి ఆయన అంతకుముందు 1934లో ‘లవకుశ’ తీశారు. కట్నం గుంజే పిసినారి సింగరాజు లింగరాజుగా బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు. ‘హరిశ్చంద్ర’ నాటకం రాసిన కవి ఆయనే. పిసినారితనాన్ని ఆయన మాట విరుపులోనే చూపిస్తారు. సినిమాకు సగం బలం ఆ మనిషే అంటాను. కాళింది తల్లి భ్రమరాంబ వేషం వేసిన దాసరి కోటిరత్నం గారు కూడా నాటకరంగం నుంచి వచ్చినవారే. కాళింది చెల్లెలు కమలగా పుష్పవల్లి. కోర్టు ఘట్టం మాత్రం, ‘కొనుక్కున్న మొగుడు నా ఇంటికే రావాలి’ అన్న కమల వాదన, పుస్తకంలో చదివినప్పుడే నాకు ఎక్కువ పదునుగా తోచింది.

అసలు తేడా కాళిందిది. ఆ వేషం భానుమతి గారిది. ఆమెకు అదే తొలి చిత్రం, అప్పటికి పదిహేనేళ్ళు కూడా నిండలేదు. త్యాగరాజస్వామి పూర్ణచంద్రిక రాగ కీర్తన ‘పలుకవేమి నా దైవమా’ పాడుతుంటే గొంతు అప్పుడే ఆవిడది అని పట్టేయవచ్చు, ముఖం మాత్రం చిన్నపిల్లది. నటన గురించి గొప్పగా చెప్పుకోవలసిందేమీ లేదు, కొంచెం బెరుకు కూడా కనిపిస్తుంది. ఆ బెరుకే నన్ను కట్టిపడేసింది. నాటకం చదివేటప్పుడు కాళింది నాకు ఒక వాదనలాగా, కట్నానికి ఎదురు నిలిచిన గొంతులాగా కనిపించింది. వయసు గుర్తు రాలేదు.

పెదనాన్న అంతవరకు ప్రతి పద్యానికీ తొడ మీద తాళం వేస్తూ, ‘ఇక్కడ మేము ఇంకా లాగేవాళ్ళం’ అంటూ హుషారుగా ఉన్నారు. కాళింది పోయిన దగ్గర తాళం ఆగిపోయింది. కంప్యూటర్ ఆపమన్నారు. కాసేపటికి, “ఇది పిల్ల రా” అన్నారు. “మేము ఎంతమందిమి ఆడాం ఈ వేషం... పిల్ల అని ఎవరికీ తట్టలేదు.”

మిగతా సగం మర్నాడు చూశాం.