కంటెండ్: పోటీయా, వాదనా?

ప్రశ్న: క్రీడల పేజీలో ‘కంటెండ్’ అంటే పోటీ పడటమని అర్థమైంది. కోర్టు వార్తలో మాత్రం ‘ద లాయర్ కంటెండెడ్ దట్ ద నోటీస్ వాజ్ ఇన్‌వాలిడ్’ అని ఉంది. లాయరు ఎవరితో పోటీ పడ్డాడు? ‘క్లెయిమ్డ్’ అంటే సరిపోయేది కదా?
– ఒక పాఠకురాలు

జవాబు: అవతలి లాయరుతోనే పోటీ పడ్డాడు! నోటీసు చెల్లుతుందని వాళ్లు, చెల్లదని ఈయన. లాటిన్‌లో ‘టెండెరె’ అంటే చాచడం, బిగలాగడం. మనం రోజూ అనే ‘టెన్షన్’ కూడా ఆ కుటుంబానిదే. ఇద్దరు చెరోవైపు లాగేది కప్పునైతే పోటీ, మాటనైతే వాదన.

ఏ అర్థమో పక్కనున్న చిన్న మాటే చెప్పేస్తుంది. క్రియను ఒంటరిగా బట్టీ పట్టొద్దని నా విద్యార్థులను బతిమాలేది అందుకే. ‘త్రీ టీమ్స్ ఆర్ కంటెండింగ్ ఫర్ ద టైటిల్’లో ‘ఫర్’ ఉంది కాబట్టి పోటీ. మీ కోర్టు వార్తలో ‘దట్’ ఉంది కాబట్టి వాదన. చాలామంది తడబడేది ‘విత్’ దగ్గర. ‘షీ హ్యాడ్ టు కంటెండ్ విత్ పూర్ ఐసైట్’ అంటే చూపు సరిగా లేకపోయినా ఆ ఇబ్బందితోనే ఆమె నెట్టుకురావాల్సి వచ్చిందని. ఇక్కడ ప్రత్యర్థి మనిషే కానక్కర్లేదు. వాన, జబ్బు, అప్పులు, ఏవైనా కావచ్చు.

ఇక ‘క్లెయిమ్’. మీ ప్రశ్నలో నాకు బాగా నచ్చిన భాగం ఇదే. విలేకరి ‘క్లెయిమ్డ్’ అని రాస్తే, ‘ఆయనైతే అంటున్నాడు, నిజమో కాదో’ అనే అనుమానం తొంగిచూస్తుంది. ‘కంటెండెడ్’లో ఆ అనుమానం అంతగా ఉండదు. ఎదుటివాళ్లు కాదంటున్నా, తన పక్షాన నిలబడి వాదించాడని మాత్రమే చెబుతుంది. తీర్పు రాకముందే ఒక పక్షాన్ని శంకించే హక్కు విలేకరికి లేదు. అందుకే కోర్టు వార్తల్లో ‘కంటెండ్’ ఉండాలని గట్టిగా కోరుకుంటాను.

వ్యాకరణంలోనూ తేడా ఉంది. ‘హీ క్లెయిమ్స్ టు బీ ఎ డాక్టర్’ సరైనదే. ‘హీ కంటెండ్స్ టు బీ ఎ డాక్టర్’ మాత్రం తప్పు, ‘హీ కంటెండ్స్ దట్ హీ ఈజ్ ఎ డాక్టర్’ అనాలి. ఇన్సూరెన్స్ డబ్బు క్లెయిమ్ చేస్తాం కానీ కంటెండ్ చేయం.

ఎన్నికల్లో నిలబడటానికి ‘కంటెస్ట్’ వాడండి. దాని మూలం వేరు, సాక్ష్యానికి సంబంధించినది. వీలునామాను కోర్టులో సవాలు చేసినా ‘కంటెస్ట్’ అనే అంటారు. అన్నట్టు, క్రీడల పేజీలో ‘ఔట్ ఆఫ్ కంటెన్షన్’ కనిపిస్తే, ఆ జట్టుకిక గెలిచే అవకాశం లేదని అర్థం.