నడుస్తూ మాట్లాడుకుంటే ప్రాజెక్టు ముందుకు సాగుతుందా?

ప్రశ్న: మా అమ్మాయి డిజైన్ కోర్సు రెండో సంవత్సరం చదువుతోంది. నేను రోజూ ఫోన్ చేసి ఎక్కడున్నావని అడుగుతుంటాను. గ్రూప్ ప్రాజెక్టు పేరుతో నలుగురూ కలిసి నడుస్తూ కబుర్లాడుకుంటున్నారు. ఇది కాలక్షేపమేనా? దీనికంటే క్రియేటివ్ థింకింగ్ సర్టిఫికెట్ కోర్సులో చేర్పించడం మంచిదా?

జవాబు: మీరు నడక గురించి అడిగారు కానీ, మీ అసలు దిగులు అమ్మాయి వెనకబడిపోతుందేమోనన్నది. బల్ల ముందు కూర్చుంటేనే పని జరుగుతున్నట్టు లెక్కవేసే తల్లిదండ్రులు ఇదే దిగులుతో నా దగ్గరకు తరచూ వస్తుంటారు.

స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఒపెజో, ష్వార్ట్జ్ 2014లో ప్రచురించిన ప్రయోగాలలో, ఒక మామూలు వస్తువును ఎన్ని కొత్త రకాలుగా వాడవచ్చో చెప్పమన్నప్పుడు, కూర్చున్నప్పటికంటే నడుస్తున్నప్పుడు చాలామందికి ఎక్కువ ఆలోచనలు తట్టాయి. ఖాళీ గోడకు ఎదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినా ఆ మేలు కనిపించింది. ఒకే సరైన జవాబు వెతకవలసిన పరీక్షలో మాత్రం నడక తోడ్పడలేదు. పైగా అక్కడ పరీక్షించింది ఒక్కొక్కరినే కనుక, బృందానికీ అంతే లాభమని నేను హామీ ఇవ్వను.

బృందానికి వేరే చిక్కు ఉంది. ఒకరు మాట్లాడుతుంటే మిగిలినవారు ఆగవలసి వస్తుంది, ఆ లోపు తట్టినది జారిపోతుంది. నలుగురు నడిచేటప్పుడు సహజంగానే ఇద్దరిద్దరుగా విడిపోతారు, ఎదురెదురుగా చూసుకోనక్కరలేదు, మధ్యలో మౌనం వచ్చినా ఇబ్బందిగా ఉండదు. అందుకే బల్ల దగ్గర నోరు మెదపని పిల్లలు కూడా అక్కడ మాట్లాడతారని నా నమ్మకం. తిరిగి రాగానే చర్చ మొదలుపెట్టకుండా, ఎవరికి వారు తమకు తట్టినవన్నీ కాగితం మీద రాసుకోవాలి. వాటిలో ఏది పనికొస్తుందో తేల్చడం కూర్చుని చేయవలసిన పని.

ఇక ఆ సర్టిఫికెట్ సంగతి. రెండు రోజులు గోడకు రంగురంగుల చీటీలు అంటించి చేతిలో పెట్టే పత్రాన్ని చూసి ఉద్యోగమిస్తారన్న ప్రచారం మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. డిజైన్ ఉద్యోగాలకు ఎంపిక చేసేవారు ముందుగా చూసేది పోర్ట్‌ఫోలియోను, అంటే చేసిన పనుల సంపుటిని: ఏ సమస్య తీసుకున్నారు, ఏయే దారులు ప్రయత్నించి వదిలేశారు, ఎందుకు వదిలేశారు అన్నది. అది ఇలాంటి ప్రాజెక్టులలోనే తయారవుతుంది, కొనుక్కుంటే రాదు. కొంచెం కటువుగానే చెబుతున్నాను: రోజూ ఫోన్ చేసి "ఎక్కడున్నావు?" అని అడిగే మీరు, "ఈరోజు మీకేం తట్టింది?" అని ఒక్కసారైనా అడిగారా? మీ నిఘా వల్ల ఆ అమ్మాయి పని చేస్తున్నట్టు కనిపించడం నేర్చుకుంటుంది, అంతే.

నడకల తరువాత రాసుకున్న కాగితాలు చూపించమని ఆప్యాయంగా అడగండి. అవి ఉంటే నిశ్చింతగా ఉండండి. వారాలు గడిచినా ఒక్కటీ లేకపోతే, గడువు గురించి అమ్మాయితోను, ప్రాజెక్టు గైడ్‌తోను మాట్లాడండి.