ఎనిమిది నెలల బాబును గుడ్డ డైపర్లకు మార్చడం ఎలా?

పుట్టినప్పటి నుంచి డిస్పోజబుల్ డైపర్లకు అలవాటుపడిన ఎనిమిది నెలల బాబును గుడ్డ డైపర్లకు మార్చాలనుకుంటున్నారని, ఎన్ని కొనాలో, రాత్రిళ్ళు ఏం చేయాలో, బోరు నీళ్ళతో ఉతికితే వాసన పోతుందో పోదో తెలియడం లేదని అడిగారు. మా అమ్మాయిని మేము ఇంచుమించు ఇదే వయసులో మార్చాము. మాది కూడా హైదరాబాదులో బోరు మీద, ట్యాంకర్ల మీద ఆధారపడిన అపార్ట్‌మెంటే కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. ఈ అలవాటు నిలవడం, నిలవకపోవడం చాలావరకు మీ ఇంటి నీళ్ళను బట్టి, గుడ్డలు ఆరేసుకునే చోటును బట్టి ఉంటుంది. ఏ కంపెనీది కొనాలన్నది ఆ తరువాతి సంగతి.

అన్నీ ఒక్క రోజులో మార్చకండి. డిస్పోజబుల్ డైపర్‌లో సోడియం పాలీఅక్రిలేట్ అనే పొడి ఉంటుంది. అది మూత్రాన్ని పీల్చుకుని జెల్లీలా గడ్డకడుతుంది కాబట్టి పిల్లవాడికి తడి తెలియదు. గుడ్డలో తడి తెలుస్తుంది, అలవాటు లేని పిల్లలు మొదట్లో చిరాకు పడతారు. అందుకని ఇంట్లో ఉన్నప్పుడు, ఉదయం స్నానం నుంచి మధ్యాహ్నం నిద్ర వరకు మాత్రమే గుడ్డవి కట్టి, బాబు కుదురుకున్న కొద్దీ సమయం పెంచుకుంటూ వెళ్ళండి. రెండు మూడు గంటలకు ఒకసారి, విరేచనం అయితే వెంటనే మార్చాలి. ఈ ఒక్క నియమం పాటించలేని రోజున డిస్పోజబుల్ వాడటమే పిల్లవాడి చర్మానికి మంచిది.

సంఖ్య విషయానికి వస్తే, ఈ వయసులో పగటిపూట ఆరేడు సార్లు మార్చవలసి వస్తుంది. రోజు విడిచి రోజు ఉతికేటట్లయితే పదిహేను వరకు ఉంటే ఇబ్బంది ఉండదు. అయితే మొదటే అన్నీ కొనకుండా రెండు మూడు రకాలు ఒక్కొక్కటి తీసుకుని చూడండి, ఎందుకంటే సన్నటి తొడల పిల్లలకు సరిపోయేది బొద్దు పిల్లలకు సరిపోదు. నీరు కారనివ్వని పై కవరు గంట రెండు గంటల్లో ఆరిపోతుంది, లోపల పెట్టే మడత ప్యాడ్లు మాత్రం రోజంతా పడతాయి. కాబట్టి కవర్ల కంటే ప్యాడ్లు ఎక్కువ తీసుకోవడం మేలు. బాగా నలిగిన నూలు పంచె, పాత నేత చీర ఇంట్లో ఉంటే మడతపెట్టి ప్యాడ్‌గా వాడుకోవచ్చు. అవి ఎంతో మెత్తగా ఉంటాయి, విప్పి ఆరేస్తే త్వరగా ఆరుతాయి. కొత్త నూలు ప్యాడ్లను నాలుగైదు సార్లు ఉతికిన తరువాతే అవి పూర్తిగా పీల్చడం మొదలుపెడతాయి. ఈ సంగతి తెలియకనే చాలామంది మొదటి రోజు కారిందని అలమరలో పడేస్తారు. మైక్రోఫైబర్ ప్యాడ్ అయితే డైపర్ జేబులోపలే ఉండాలి. అది చర్మానికి నేరుగా తగిలితే ఒంటి తేమను కూడా లాగేసి చర్మాన్ని పొడిబారుస్తుంది.

కట్టేటప్పుడు ఎలాస్టిక్ తొడ మీద కాకుండా గజ్జల మడతలో కూర్చుందో లేదో చూడండి. ప్యాడ్ అంచు వెంట్రుకవాసి బయటికి కనిపించినా చాలు, తడి దాని వెంట పాకి బట్టలకు అంటుతుంది. కారడానికి సగం కారణం ఇదే.

ఇక ఉతకడం. ఘనాహారం మొదలైంది కనుక మలం చాలావరకు గట్టిగానే ఉంటుంది. దానిని టాయిలెట్‌లోకి దులిపి, అంటుకున్నది జెట్ స్ప్రేతో కడిగేయాలి. మూత్రంతో తడిసినవాటిని కూడా ఏ రోజుకారోజు చల్లటి నీళ్ళలో జాడించి, మూత లేని బుట్టలో వేయండి. బకెట్ నీళ్ళలో రోజుల తరబడి నానబెడితే కంపు పెరగడమే కాక ఎలాస్టిక్ కూడా చెడిపోతుంది. బోరు నీళ్ళలో ఉండే కాల్షియం, మెగ్నీషియం లవణాలు సర్ఫ్ శక్తిని కొంత తినేస్తాయి, పైగా గుడ్డ పోగుల్లో పేరుకుంటాయి. వాటితోపాటు మూత్రపు మడ్డి కూడా నిలిచిపోతుంది. అలాంటి ప్యాడ్‌ను ఆరిన తరువాత ముక్కు దగ్గర పెట్టుకున్నా ఏ వాసనా రాదు కానీ బాబు తడపగానే కళ్ళు మండేంత ఘాటైన అమ్మోనియా వాసన వస్తుంది. మీ ఇంట్లో ఇదే జరుగుతున్నట్లయితే తప్పు డైపర్‌ది కాదు, ఉతికే నీళ్ళది. దీనికి మందు వాషింగ్ సోడా, అంటే చాకలి సోడా. వంటసోడా దీనికి సరిపోదు. సర్ఫ్‌తోపాటు ఒకటి రెండు చెంచాల చాకలి సోడా వేసి, ఆ తరువాత నురగ బొత్తిగా రానంతవరకు జాడించాలి. మేము మంజీరా నీళ్ళు, అంటే ఊరి కుళాయి నీళ్ళు, వదిలే రోజునే డైపర్లు ఉతికే రోజుగా పెట్టుకున్నాము, చివరి జాడింపు ఆ నీళ్ళతో చేస్తే తేడా బాగా తెలిసేది. సబ్బు బిళ్ళతో రుద్దకండి, బోరు నీళ్ళలో అది తెల్లటి తెట్టుగా మారి గుడ్డలోనే ఉండిపోతుంది. కంఫర్ట్ వంటి మెత్తబరిచే ద్రవాలు, ర్యాష్‌కు పూసే జింక్ క్రీములు, వాజ్‌లీన్ కూడా పోగుల మీద పొరలా పట్టి నీరు పీల్చనివ్వవు. క్రీము తప్పదనుకున్నప్పుడు పలుచటి నూలు గుడ్డ ముక్క ఒకటి మధ్యలో పరిస్తే ప్యాడ్ పాడవదు. నూలు ప్యాడ్లను వేడినీళ్ళలో ఉడకబెట్టినా ఫరవాలేదు కానీ పై కవరును మరిగే నీళ్ళలో వేస్తే దాని పొర ఊడిపోయి ఇక ఎప్పటికీ కారుతూనే ఉంటుంది.

మరకలకు ఎండను మించినది లేదు. తడి ప్యాడ్‌ను డాబా మీద నడి ఎండలో ఆరేస్తే పసుపుపచ్చని మరక సాయంత్రానికి చాలావరకు వెలిసిపోతుంది. వానాకాలంలో మాత్రం ప్యాడ్లు రెండు రోజులైనా ఆరవు. తేమగా ఉన్నవి కట్టడం కంటే ఆ నెలల్లో గుడ్డవి సగం, డిస్పోజబుల్ సగం వాడుకోవడం నయం.

రాత్రికి డిస్పోజబుల్‌నే ఉంచండి. మేము చాలాకాలం అలాగే చేశాము, అందరికీ నిద్ర దక్కింది. పగలు పూర్తిగా కుదిరిన తరువాత రెండు ప్యాడ్లు కలిపి రాత్రి కూడా ప్రయత్నించవచ్చు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఉంటే వాళ్ళ సాయం తప్పక తీసుకోండి. మొలతాడుకు గోచీ దోపి పిల్లలను పెంచినవాళ్ళకు ఉతుకుడు భారం ఎలా తగ్గించాలో బాగా తెలుసు. మా అత్తయ్య పాప నిద్ర లేచిన వెంటనే, మళ్ళీ పాలు తాగిన కాసేపటికి తన రెండు పాదాలు దగ్గరగా చేర్చి, వాటి మీద కూర్చోబెట్టుకుని ‘ఉస్స్’ అనేవారు. కొద్ది రోజుల్లోనే ఉదయపు విరేచనం డైపర్‌లో కాకుండా అక్కడే అయిపోవడం మొదలైంది. గుడ్డ డైపర్ల పనిలో సగం అక్కడే తగ్గింది.

గజ్జల మడతల్లో ఎర్రగా కంది, చుట్టూ చిన్న చిన్న ఎర్రటి పొక్కులు కనిపిస్తే అది ఫంగస్ కావచ్చు. ఇంటి వైద్యం చేయకుండా, పౌడరు చల్లకుండా పిల్లల డాక్టరుకు చూపించండి.

పర్యావరణం కోసం మారుతున్నామని కూడా రాశారు. బ్రిటన్ పర్యావరణ సంస్థ 2008లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, గుడ్డ డైపర్ల వల్ల కలిగే మేలు వాటిని ఎలా ఉతుకుతున్నామన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. మెషీన్ నిండా వేసి ఉతకడం, డ్రయర్ వాడకుండా తీగ మీద ఆరేయడం, రెండో బిడ్డకు కూడా అవే వాడటం వల్ల ఆ మేలు పెరుగుతుందని అందులో తేలింది. వీటిలో మొదటి రెండూ మన ఇళ్ళలో సులభమే. ఇక మీరు వాడే డిస్పోజబుల్ డైపర్ల విషయంలో, వాటిని కంపెనీ ఇచ్చిన సంచిలో గానీ, తగిన మరేదైనా చుట్టలో గానీ గట్టిగా చుట్టి ఇవ్వాలని 2016 నాటి ఘన వ్యర్థాల నియమాలు చెప్పాయి. చెత్త బండి దగ్గర వాటిని చేతులతో ఏరవలసి వచ్చే మనుషుల కోసమైనా అది తప్పక పాటించండి.