పాలిష్ అంటే ఏ పాలిష్?

పాత ఫర్నిచర్ రిపేర్‌కి ఇచ్చినప్పటి మీ అనుభవాలు రాయమని పోయిన నెల అడిగాం కదా, చాలా ఉత్తరాలొచ్చాయి. కొన్నిటికి ఇక్కడ జవాబు చెప్తున్నాను.

ప్రశ్న: మా తాతయ్యది టేకు పడక్కుర్చీ. పేము అల్లిక తెగిపోయి కాళ్ళు కదులుతుంటే మా ఊళ్ళోనే రిపేర్లు చేసే షాపుకిచ్చాం. 'కొత్తదానిలా చేసిస్తాం మేడం' అన్నారు, నిజంగానే కొత్తదానిలా చేసిచ్చారు. తాతయ్య కుడిచెయ్యి ఆనించే చోట చెక్క అరిగి చిన్న గుంటలా ఉండేది, పక్కనే కాఫీ గ్లాసు పెట్టిన గుండ్రటి మచ్చ ఉండేది, రెండూ లేవు. మెషీన్‌తో చదును చేసేసి అద్దంలా మెరిసే పాలిష్ కొట్టారు. పని బాగాలేదని అనలేను గానీ అది మా తాతయ్య కుర్చీలా లేదు. మళ్ళీ పాతలా చేయించొచ్చా? (ఒక పాఠకురాలు, తెనాలి)

జవాబు: మీ ఉత్తరం రెండుసార్లు చదివానమ్మా. ఆ గుంట మాత్రం తిరిగి రాదు, అది ఉప్పుకాగితం కింద పొడైపోయింది. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, 'పాత లుక్ తెప్పిస్తాం' అని ఎవరో ఒకరు మీ దగ్గర ఇంకొన్ని వేలు తీసుకుని, కావాలని అరగదీసి రంగు పూసి ఇస్తారు, అది చూస్తే మీకు ఇంకా బాధేస్తుంది, దయచేసి ఒప్పుకోకండి.

చెయ్యగలిగింది ఆ మెరుపు తియ్యడం. మీరు చెప్పినదాన్నిబట్టి అది పీయూ (పాలీయురేథేన్) పాలిష్ అయ్యుంటుంది, గన్‌తో స్ప్రే చేస్తారు, గట్టి పొరలా పట్టేస్తుంది. నీళ్ళకీ వేడికీ బాగా తట్టుకుంటుంది కాబట్టి డైనింగ్ టేబుల్‌కి మంచిదే, మా ఇంట్లో టేబుల్‌కీ అదే. కానీ మన పాత కుర్చీలకి ఎక్కువగా ఉండేది లక్క పాలిష్. లక్కని శుద్ధిచేసిన రేకుల్ని స్పిరిట్‌లో కరిగించి, దూదిని మెత్తటి గుడ్డలో ముద్దలా చుట్టి, ఆ ముద్దతో రుద్దుకుంటూ ఒక పొర ఆరాక ఇంకో పొర ఎక్కిస్తారు. చేతి పని, టైం పడుతుంది, అందుకే చాలా షాపులవాళ్ళు దాని జోలికి పోవట్లేదు. వేడి గ్లాసు పెడితే తెల్లగా మచ్చ పడటం దాని లోపం, మీ తాతగారి గ్లాసు మచ్చ కూడా అలా పడిందే కావచ్చు. మంచి గుణం ఏంటంటే స్పిరిట్ తగిలితే ఆ పొర మళ్ళీ కరుగుతుంది, చెక్క జోలికి పోకుండా పాలిష్ ఒక్కదాన్నే సరిచేసుకోవచ్చు. ఇప్పుడు మీరు లక్క పాలిష్ చేతితో పెట్టేవాళ్ళని వెతికి, రిమూవర్‌తో పీయూ తీయించి, మెషీన్ అస్సలు పెట్టొద్దని చెప్పి, ముందు సీటు కింద కనపడని చోట కొంచెం చేసి చూపించమనండి. గీకిన టేకు మొదట్లో పాలిపోయినట్టుంటుంది, గాలీ వెలుతురూ తగిలేకొద్దీ రంగు తేరుతుంది, కంగారుపడి రంగు పూయించకండి.

షాపువాళ్ళ మీద కోపం పెట్టుకోవద్దని కూడా అడుగుతున్నాను. వాళ్ళ దగ్గరికొచ్చే చాలామంది మచ్చలు పోవాలనే అడుగుతారు, 'పాలిష్ చెయ్యండి' అని మీరన్నప్పుడు మీ మనసులో ఉన్నది వేరు, వాళ్ళకి అర్థమైంది వేరు. మిగతావాళ్ళకి చెప్తున్నా, ఏదైనా గుర్తు ఉంచాలనుకుంటే సామాను ఇచ్చేముందు దాని చుట్టూ సుద్దముక్కతో గీత గీసి 'ఇది ముట్టుకోవద్దు' అని రాసి ఫోటో తీసి వాట్సాప్‌లో పంపండి, వాళ్ళు ఏమనుకుంటారో అని మొహమాటపడకండి.

ప్రశ్న: మా అమ్మమ్మ పట్టెమంచం రిపేరుకిచ్చి నాలుగు నెలలైతుంది. 12 వేలకి మాట్లాడుకున్నం, 8 వేలు అడ్వాన్స్ ఇచ్చిన. ఎప్పుడు ఫోన్ జేసినా వచ్చే వారం అంటరు. ఇప్పుడేమో లోపల పుచ్చిపోయింది, రెండు పట్టెలు కొత్తయి ఏసినం, ఇంకో 9 వేలు ఎక్కువిస్తెనే మంచం ఇస్తం అంటున్నరు. నన్ను ఒక్క మాట అడగలే. ఏం జెయ్యాలె? (ఒక పాఠకుడు, హన్మకొండ)

జవాబు: ముందు షాపుకెళ్ళి, తీసేసిన పాత పట్టెలు చూపించమని అడగండి. నిజంగా పుచ్చిన చెక్కైతే స్క్రూడ్రైవర్ మొనతో నొక్కితే లోపలికి దిగిపోతుంది, చేవ ఉన్న చెక్కైతే దిగదు. మంచం విప్పితేగానీ లోపలిది తెలియదు, ఆ మాట నిజమే, పట్టెలు నిజంగా పోయుంటే చెక్క ఖరీదు వరకు ఇచ్చి మాట్లాడుకోవడం న్యాయం అనిపిస్తుంది నాకు. పాత పట్టెలు చూపించలేకపోతే మాత్రం తగ్గొద్దు.

చట్టం సంగతి. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో 170వ సెక్షన్ ప్రకారం, రిపేర్ చేసినాయన తనకి న్యాయంగా రావాల్సిన కూలి అందేదాకా ఆ వస్తువు తన దగ్గర ఉంచుకోవచ్చు, కాబట్టి గొడవపడి మంచం లాక్కొచ్చే ప్రయత్నం చెయ్యకండి. కానీ వస్తువు ఏ పనికి ఇచ్చారో ఆ ప్రకారం పని చేసుండాలి అని కూడా అక్కడే ఉంది, మిమ్మల్ని అడగకుండా చేసిన పనికి డబ్బు రావాల్సిందేనా అన్నది మీరు గట్టిగా ప్రశ్నించొచ్చు. ఒప్పుకున్న రేటు, ఇచ్చిన అడ్వాన్స్, ఏ తేదీకి ఇస్తామన్నారు అన్నీ ఒక మెసేజ్‌లో పెట్టి, మిగిలిన 4 వేలు ఇవ్వడానికి రెడీ అని రాసి పంపండి. దారికి రాకపోతే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది, రెండేళ్ళలోపు కేసు వెయ్యాలి, చెల్లించింది 5 లక్షల లోపైతే ఫీజు లేదు.

ప్రశ్న: సోఫాకి 40 డెన్సిటీ ఫోమ్ వేశామన్నారు, ఆర్నెల్లకే కూర్చున్న చోట గుంట పడింది. వేసింది అదేనా కాదా ఎలా తెలుస్తుంది? (గృహిణి, కర్నూలు)

జవాబు: తూకం వేస్తే తెలిసిపోతుందండి. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలుంటుందన్నదే. కవర్ జిప్ తీసి ఫోమ్ బయటికి తియ్యండి, రెండడుగుల చదరం, 5 అంగుళాల మందం ఉందనుకోండి, 40 డెన్సిటీ ఐతే కిలో 900 గ్రాములకి అటూఇటుగా తూగాలి, 32 ఐతే కిలోన్నర. కిరాణా కొట్టు కాటా చాలు. కిలోన్నరే తూగిందనుకోండి, ఆ కాటా మీద పెట్టి ఫోటో తీసి షాపులో చూపించండి, మార్చివ్వమని అడగండి. తూకం సరిగ్గానే ఉంటే తప్పు ఫోమ్‌ది కాకపోవచ్చు, కింద బెల్టులు సాగిపోయుంటాయి, తిరగేసి చూడండి. బిల్లు మీద డెన్సిటీ రాయించారా? ఈసారి తప్పకుండా రాయించండి.

ప్రశ్న: ఉయ్యాలబల్ల కింద రోజూ తెల్లటి పొడి రాలుతోంది, చెదేనా?

జవాబు: చెదైతే మట్టి దారులు కనపడతాయి. సన్నటి చిల్లులు, గోధుమపిండిలాంటి పొడి ఉంటే అది పుచ్చు పురుగు, ఎక్కువగా చేవలేని తెల్ల చెక్కకే పడుతుంది. ముందు మందు కొట్టించండి, పొడి రాలడం ఆగాకే పాలిష్.

ఉత్తరం: ఇది ప్రశ్న కాదండి. నీళ్ళు తగిలి ఉబ్బిన మా అబ్బాయి చదువుకునే టేబుల్ తీసుకెళ్తే రిపేరాయన 'దీనికి డబ్బులు పెట్టకండి సార్' అని వెనక్కి పంపేశాడు. తర్వాత మా అటక మీదున్న పాత టేకు తలుపులు చూసి వాటితోనే టేబుల్ చేసిచ్చాడు. ఇలాంటివాళ్ళూ ఉన్నారని రాయాలనిపించింది. (భీమవరం)

జవాబు: చాలా సంతోషం అనిపించింది. ఆయన చెప్పింది నిజం, ఆ టేబుళ్ళు చెక్కపొట్టు జిగురుతో నొక్కి చేసినవి, ఒకసారి ఉబ్బితే మళ్ళీ అణగవు, స్క్రూ పట్టు కూడా ఉండదు. వచ్చిన పనిని వద్దని చెప్పాడంటే ఆయన్ని వదులుకోకండి. తలుపుల్లో ఇంకా చెక్క మిగిలుంటే నేలకి ఆనకుండా, గోడకి తగలకుండా ఎత్తుమీద పెట్టండి, చెద కింద నుంచే ఎక్కుతుంది.