పట్టింది నరమా, కండరమా?

సందేహం: మా అమ్మాయి సైన్సు పాఠంలో ‘మెదడు ఆదేశాలను నాడులు కండరాలకు అందిస్తాయి’ అని ఉంది. ఇంట్లో మాత్రం పిక్క పట్టేస్తే ‘నరం పట్టేసింది’ అంటాం. నరం, నాడి ఒకటేనా? మన వాడుక తప్పా?

సమాధానం: ‘నరం’ అనే మాటను మనం చాలా ఉదారంగా వాడతాం. ముంజేతి మీద ఉబ్బి కనిపించేదీ నరమే, మడమ వెనక తాడులా గట్టిగా తగిలేదీ నరమే, మెదడు నుంచి కబురు మోసేదీ నరమే. వీటిలో మొదటిది గుండె వైపు రక్తం తీసుకెళ్లే సిర. రెండోది కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే స్నాయువు. మూడోది మాత్రమే పాఠంలోని నాడి.

ఈ కలగాపులగం మన ఒక్కరిదే కాదు. గ్రీకు ‘న్యూరాన్’, లాటిన్ ‘నెర్వస్’ మొదట్లో స్నాయువుకు పేర్లే. సంస్కృతంలోని స్నాయు శబ్దం బెంగాలీలో నాడి అయింది, మరాఠీలో కండరమైంది. ఇక మన ‘కండరం’ సంగతి చూడండి. సుశ్రుత సంహితలో ‘కండర’ అంటే పెద్ద స్నాయువు. అవి 16 అని లెక్క. కండరానికి అక్కడి పేరు ‘పేశి’, వాటి లెక్క 500. తెలుగులో ‘కండ’ ఉండనే ఉంది కాబట్టి ‘కండరం’ దాని పంచన చేరి అర్థం మార్చుకుందని నా ఊహ.

పేర్ల దగ్గర ఇంత తికమక ఉన్నా, క్రియల దగ్గర తెలుగువాడు తడబడడు. నరం ఉబ్బింది అంటే సిర. తిమ్మిరెక్కింది అంటే నాడి. బెణికింది అంటే కీలును కట్టి ఉంచే బంధనం. పట్టేసింది అంటే కండరం. కర్త ఏదైనా, ఏ భాగానికి ఏమైందో క్రియే చెప్పేస్తుంది.

ముఖ్యంగా ‘పట్టడం’ ఎంత సరైన మాటో చూడండి. నాడి కొసకు సంకేతం చేరగానే అక్కడ ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలవుతుంది. దాంతో కండర కణంలో విద్యుత్ ప్రేరణ పుట్టి, లోపల దాచి ఉన్న కాల్షియం బయటికి వస్తుంది. అప్పుడు కండరంలోని మయోసిన్ అనే ప్రోటీన్ పోగులు ఆక్టిన్ అనే మరో ప్రోటీన్ పోగులను పట్టుకుని లాగుతాయి, వదులుతాయి, మళ్లీ పట్టుకుంటాయి. కండరం పొట్టిదై ఎముకను తన వైపు గుంజుతుంది. వదలడానికి ఏటీపీ అనే, శక్తినిచ్చే రసాయనం కావాలి. ప్రాణం పోయాక అది అందదు, పట్టు వదలదు. శవం బిగుసుకుపోతుంది అనేది అందుకే. అన్నట్టు, కండరం గుంజగలదే కాని నెట్టలేదు. మోచేయి మడవడానికి ముందువైపు కండరం, చాచడానికి వెనకవైపు కండరం లాగాల్సిందే. కాబట్టి ‘కండరం ఎముకను నెడుతుంది’ అని రాయకండి.

మరి ‘నరం పట్టేసింది’ తప్పా? పట్టేది కండరమే కాబట్టి పాఠంలో, పరీక్షలో, వైద్య వ్యాసంలో తప్పు; అక్కడ ‘పిక్క కండరం పట్టేసింది’ అనాలి. ఇంట్లో అలా అన్నవాళ్లను దిద్దాల్సిన పని లేదు. పిక్క పట్టినప్పుడు కదలిక నాడులు అదుపు లేకుండా సంకేతాలు పంపుతూనే ఉంటాయి కాబట్టి అందులో నరానికీ వాటా ఉంది.

నరం, నాడి మాటల్లో ఏది వాడాలంటే, సమాసాల్లో నాడి కుదురుతుంది: నాడీమండలం, నాడీకణం. విడిగా ‘నాడి చూశారు’ అంటే వైద్యుడు మణికట్టు పట్టుకున్నాడనే అర్థమవుతుంది. అక్కడ కొట్టుకునేది ధమని, అంటే గుండె నుంచి రక్తం తెచ్చే నాళం. అందుకే మామూలు రచనలో విడిగా రాసేటప్పుడు నరం అనడమే మేలు. ఒక్కచోట మాత్రం జాగ్రత్త పడండి. ‘నరానికి ఇంజెక్షన్ చేశారు’ అని మాట్లాడటంలో ఇబ్బంది లేదు కాని, ఆరోగ్య వ్యాసంలో ‘సిరలోకి’ అని రాయండి. సూది నిజంగా నరానికి తగిలితే చెయ్యి చచ్చుబడే ప్రమాదం ఉంది.